గొర్రె కాళ్ళు పట్టుకునే విద్య

గొర్రె గిట్ట లోపల ఏముందో తెలుసుకోవడానికి పశువైద్య కళాశాలకు పోనక్కర్లేదు. పొద్దున్నే పాయా కాళ్ళు కాల్చే కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. బొచ్చు మాడి, చర్మం నల్లబడ్డాక అతను కాలిని బండకేసి ఒక్కటి కొడతాడు. గిట్ట జోడులా ఊడి పక్కన పడుతుంది. చేతిలోకి తీసుకుని చూస్తే లోపల బోలు. మన గోరు, ఎద్దు కొమ్ము దేంతో తయారయ్యాయో ఇదీ దాంతోనే తయారైంది, కెరటిన్. కాలికి మిగిలింది ఎముక, దాన్ని అంటిపెట్టుకున్న పలచటి పొర. బతికున్న గొర్రెలో నెత్తురూ నొప్పీ ఉండేది ఆ పొరలోనే. పై తొడుగును ఎంత కోసినా గొర్రెకు పట్టదు. పొరకు కత్తి తగిలిందా, కాలు విదిల్చి మన మోచేతిని పగలగొడుతుంది. తొడుగు ఎక్కడ అయిపోయి పొర ఎక్కడ మొదలవుతుందో బయటి నుంచి పసిగట్టడమే గిట్టలు కత్తిరించే పనిలో ఉన్న కిటుకంతా.

అయితే అది కత్తెర చేతపట్టాక వచ్చే సంగతి. అసలు కత్తెర పట్టాలా అన్నది అంతకు ముందు ప్రశ్న. సరదాకో, తిండికో, ఊరి గాలి కోసమో ఎకరం రెండెకరాల్లో పది గొర్రెలు పెంచుకునేవాళ్ళు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ చాలామందే ఉన్నారు. మన నగరాల చుట్టూ ఉన్న తోటల్లో కూడా ఇప్పుడు కనిపిస్తున్నారు. వాళ్ళకు అందే మొదటి సలహాల్లో ‘ఏడాదికి రెండుసార్లు గిట్టలు కత్తిరించు’ అన్నది తప్పకుండా ఉంటుంది. ఈ సలహా వయసు చాలా పెద్దది. దాని కింద ఉన్న ఆధారం మాత్రం గత ఇరవై ఏళ్ళలో బాగా కదిలిపోయింది.

నావి పదకొండు గొర్రెలు. నేల మీంచి నాలుగడుగుల ఎత్తున ప్లాస్టిక్ పలకల షెడ్డు, కింద పెంట పడే చోటు, ముందు తొట్లలో మేత. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. ఏడాది తిరక్కుండానే వాటి ముందు గిట్టలు పడవ ముక్కుల్లా పైకి లేచాయి. ఊళ్ళో కురుమ పెద్దాయన్ని పిలిచి, “పెద్దయ్యా, కోయడం నేర్పుతావా?” అని అడిగాను. ఆయన కాలెత్తి చూసి నవ్వాడు. “గిట్ట కోసుడేంది సారూ, గొర్రెను నడిపియ్యాలె గని. బండల మీద తిరిగితే అదే అరుగుతది.” నాకు చిన్నతనంగా అనిపించింది. తర్వాత చదివిన పరిశోధనలో సగం ఆయన చెప్పిందే.

గొర్రె గిట్ట నెలకు 3 నుంచి 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అదే వేగంతో అరిగితే పొడవు మారదు. పెరుగుదలలో పెద్ద తేడా ఉండదు, అరుగుదలలోనే అంతా ఉంది. మహబూబ్‌నగర్ వైపు గొల్ల, కురుమల మందలు వేసవిలో మేత కోసం జిల్లాలు దాటి నడుస్తాయి. ఆ గొర్రెల గిట్టలు రాయీ రప్పా మీద వాటంతట అవే సమం అవుతాయి. వాటికి కత్తెర చూపించే అవసరం దాదాపు రాదు. ఇంగ్లండు పచ్చికబయళ్ళ మెత్తటి తడినేల మీదా, నా ప్లాస్టిక్ పలకల మీదా అరుగుదల ఉండదు. తడికి గిట్ట మెత్తబడుతుంది కూడా. అంటే పెరిగిన గిట్ట గొర్రె గురించి చెప్పేదానికంటే దాని కింది నేల గురించి ఎక్కువ చెబుతుంది.

మరి కోసే అలవాటు ఎక్కడ పుట్టింది? ముందు గిట్టల కుళ్ళు సంగతి చూడాలి. కాలివేళ్ళ సందులో చర్మం ఎర్రబడి, తెల్లగా నాని, క్రమంగా గిట్ట తొడుగు కింద నుంచి విడిపోతూ పోయే జబ్బు అది. ఒకసారి ముక్కుకు తగిలిన వాసన మరి మర్చిపోం. 1941లో ఆస్ట్రేలియాలో బెవరిడ్జ్ అనే శాస్త్రవేత్త ఇది ఫలానా సూక్ష్మజీవి వల్ల వచ్చే అంటువ్యాధి అని రుజువు చేశాడు. ఈ బెవరిడ్జే తర్వాత 1950లో శాస్త్ర పరిశోధన అనే కళ మీద రాసిన చిన్న పుస్తకంతో గొర్రెల లోకానికి అవతల కూడా పేరు తెచ్చుకున్నాడు. ఆ సూక్ష్మజీవిని ఇప్పుడు డైకెలోబాక్టర్ నోడోసస్ అంటున్నారు. దానికి గాలి పడదు. గొర్రె కాలు వదిలి నేల మీద పడితే రెండు వారాలకు మించి బతకదని ఆయనే చూపించాడు. ఈ రెండు వాస్తవాలనుంచి రెండు దారులు చీలాయి. ఒకటి కత్తి దారి: గాలి పడదు కాబట్టి, విడిపోయిన గిట్టనంతా చెక్కేసి పుండుకు గాలి తగిలేట్టు చేయాలి. రెండోది నేల దారి: కాలు లేకపోతే బతకదు కాబట్టి జబ్బు కాళ్ళను మందలోంచి తీసేసి, పచ్చికను రెండు వారాలు ఖాళీగా ఉంచాలి.

యాంటీబయాటిక్కులు అందుబాటులో లేని రోజుల్లో కత్తి దారిలో తర్కం ఉంది. దాన్ని మూఢనమ్మకం అనడం అన్యాయం. నెత్తురు కారేదాకా చెక్కి, పైన ఘాటైన మందు పోసేవాళ్ళు. కొన్ని గొర్రెలు కోలుకునేవి కూడా. అలా జబ్బు కాలికి చేసే వైద్యం కాస్తా మెల్లగా ‘జబ్బు రాకుండా’ అన్ని కాళ్ళకూ చేసే వార్షిక కార్యక్రమం అయి కూర్చుంది. తలనొప్పికి వేసుకునే మాత్ర రోజూ పొద్దున్నే కాఫీతో పాటు మింగే అలవాటుగా మారినట్టు.

ఈ అలవాటును గట్టిగా నిలదీసింది ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయంలో లారా గ్రీన్ బృందం. రైతులను అడిగి చేసిన సర్వేల్లో ఒక తిరకాసు బయటపడింది. గొర్రెలన్నిటికీ క్రమం తప్పకుండా గిట్టలు కత్తిరించే మందల్లో కుంటే గొర్రెలు తక్కువ ఉండాలి కదా, ఎక్కువే ఉన్నాయి. కోసేటప్పుడు నెత్తురు వచ్చే మందల్లో మరీ ఎక్కువ. ఇక్కడ తెలివైన పాఠకుడు వెంటనే అడ్డు తగులుతాడు: కుంటి గొర్రెలు ఎక్కువున్న రైతే ఎక్కువ కోస్తాడు, అంతేగా? సర్వేతో ఆ సందేహం తీరదు. అందుకే 2010లో జాస్మీత్ కాలెర్, గ్రీన్ తదితరులు ప్రచురించిన చిన్న ప్రయోగానికి అంత విలువ. గిట్టల కుళ్ళుతో కుంటే గొర్రెలను యాదృచ్ఛికంగా గుంపులు చేశారు. కొన్నిటికి ఎక్కువ రోజులు పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ ఇంజెక్షన్, కాలికి స్ప్రే. కొన్నిటికి వాటితో పాటు గిట్ట చెక్కడం కూడా. ఇంజెక్షన్, స్ప్రే మాత్రమే అందుకున్న గొర్రెల్లో నూటికి తొంభైకి పైగా పది రోజుల్లో కోలుకున్నాయి. చెక్కినవి ఆలస్యంగా కోలుకున్నాయి. పైన నొప్పి తగ్గించే మందు ఇచ్చినా కోలుకునే వేగం మారలేదు. చెక్కడం సాయం చేయకపోవడం ఒక ఎత్తు, అడ్డుపడటం మరో ఎత్తు. ఒక తరం రైతుల చేతి పనికి ఇది చెంపదెబ్బ.

మరి పొడవు సంగతి? 2014లో వచ్చిన మరో పరిశీలన ఒకే పొలంలోని 50 గొర్రెల గిట్టలను పది నెలల పాటు కొలుస్తూ పోయింది. పొడవు వాతావరణాన్ని బట్టి పెరిగి, తగ్గింది. కుళ్ళు సోకిన కాలు మాత్రం పొడవు పెరిగింది. గొర్రె ఆ కాలు నేలకు ఆనించదు, ఆనించని గిట్ట అరగదు. పొడవైన గిట్ట వల్ల జబ్బు వస్తుందని రైతులు అనుకున్నదంతా వెనకనుంచి ముందుకు చదవాల్సిన వాక్యం అన్నమాట. పొడవైన గిట్టను చూడగానే కోయబుద్ధవుతుంది. ఆ కోరిక లేచినప్పుడు ఆగి, కాలివేళ్ళ మధ్య తెరిచి, వాసన చూసి, ఆ గొర్రె నడుస్తుంటే తల ఊపుతోందా అని గమనించాలి. తల ఊపితే నొప్పి ఉన్నట్టు. ముందు మోకాళ్ళ మీద కూర్చుని మేస్తుంటే రెండు ముందు కాళ్ళూ నొప్పి.

ఇంగ్లండు ఈ సంగతిని పట్టించుకుంది. అక్కడి ప్రభుత్వానికి సలహా ఇచ్చే వ్యవసాయ జంతు సంక్షేమ మండలి 2011లో ఒక లక్ష్యం పెట్టింది: కుంటే గొర్రెలు 2016 నాటికి నూటికి 5, 2021 నాటికి 2 దాటకూడదు. వార్విక్ సర్వేల ప్రకారం 2004లో నూటికి 10.6 ఉన్నది 2013కి 4.9కి దిగింది. 2014 నుంచి అక్కడ ప్రచారంలో ఉన్న ఐదు సూత్రాల ప్రణాళికలో పదేపదే కుంటే గొర్రెను తీసేయడం, కొత్తగా కొన్నవాటిని విడిగా ఉంచడం, కుంటగానే వైద్యం చేయడం, దొడ్డిలో జబ్బు అంటకుండా చూడటం, టీకా వేయడం ఉన్నాయి. గిట్టలు కత్తిరించడం ఆ ఐదింటిలో లేదు. టీకా పది రకాల సూక్ష్మజీవి వంశాల మీద పనిచేసేలా తయారైంది. ఖరీదు, వేసిన చోట గడ్డ కట్టే గుణం వల్ల చిన్న రైతు వెనకాడతాడు.

కథ ఇక్కడితో అయిపోతే ఈ వ్యాసం రాయనక్కర్లేదు. ఆస్ట్రేలియా వైపు చూస్తే కత్తికి ఇంకా పని ఉంది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1988లో ఒక దీర్ఘకాల ప్రణాళిక మొదలుపెట్టి, వేసవి పొడిగా ఉండే కాలంలో మందల్లోని ప్రతి కాలునూ చెక్కి, దాక్కున్న జబ్బును వెతికి, పట్టుబడిన గొర్రెలను వధశాలకు పంపించి, 2009 నాటికి ఆ రాష్ట్రాన్ని రక్షిత ప్రాంతం అనిపించుకుంది. అక్కడ కత్తి వైద్యం చేయడానికి లేదు, తలుపు తీసి చూడటానికి ఉంది. నార్వే 2008లో, దశాబ్దాల తర్వాత మళ్ళీ ఈ జబ్బు కనిపించగానే దాన్ని పూర్తిగా తరిమేసే కార్యక్రమం పెట్టింది. స్విట్జర్లాండు 2024 అక్టోబరులో దేశమంతా మొదలుపెట్టిన కార్యక్రమం కాలివేళ్ళ మధ్య దూదిపుల్లతో తీసిన నమూనాను ప్రయోగశాలలో పరీక్షించడం మీద నడుస్తోంది. ఇంగ్లండు పద్ధతికీ వీటికీ మధ్య గొడవేమీ లేదు, మనమే రెండు వేరువేరు ప్రశ్నలను ఒకటిగా కలిపేస్తున్నాం. ఏడాది పొడవునా తడిసిన నేల మీద జబ్బుతో సహజీవనం చేసే ఇంగ్లండు రైతు అడిగేది ‘ఈ కాలు ఎలా మానుతుంది?’ అని. వేసవి వచ్చి నేలను ఎండబెట్టేస్తే జబ్బును సమూలంగా పీకేయగల ఆస్ట్రేలియా అధికారి అడిగేది ‘ఏ కాలులో దాక్కుంది?’ అని. మొదటివాడికి కత్తి చేటు, రెండోవాడికి అవసరం. పది గొర్రెల యజమాని ఈ ఇద్దరిలో ఎవరూ కాదు. అతని ప్రశ్న ఇంకా చిన్నది: ‘నా షెడ్డులో గిట్టలు ఎందుకు పెరుగుతున్నాయి?’

ఇన్ని ఆధారాలున్నా కత్తెర ఎందుకు పోలేదు? దీనికి నాకు తోచిన కారణం డబ్బు, దూరం. కత్తెర ఒకసారి కొంటే ఇంట్లో ఉంటుంది. యాంటీబయాటిక్‌కు పశువైద్యుడు రావాలి, చీటీ రాయాలి. అమెరికాలో దుకాణంలో చీటీ లేకుండా దొరికే ఆక్సీటెట్రాసైక్లిన్ ఇంజెక్షన్‌కు కూడా 2023 జూన్ నుంచి వైద్యుడి చీటీ తప్పనిసరి అయింది. గొర్రెల సంగతి తెలిసిన వైద్యుడు వంద మైళ్ళ దూరంలో ఉన్నవాడికి ఆదివారం సాయంత్రం గొర్రె కుంటితే చేతికి అందేది కత్తెరే. మన దగ్గర చట్టం చీటీ అడుగుతుంది, చాలా మందుల షాపులు అడగవు. అందువల్ల ఇక్కడ ప్రమాదం తలకిందులుగా ఉంది. జబ్బేమిటో చూడకుండా ఇంజెక్షన్ వేసేస్తారు, ఎంత మోతాదో, ఎన్ని రోజుల దాకా ఆ గొర్రెను కోయకూడదో పట్టించుకోరు.

జబ్బు పేరు పెట్టడంలో ఇంగ్లండు రైతులూ తడబడతారు. అక్కడ 809 మంది రైతులకు ఆరు రకాల పాదాల జబ్బుల బొమ్మలు చూపించి పేర్లు అడిగితే, తెలియని చోటల్లా చాలామంది ‘గిట్టల కుళ్ళు’ అనే రాశారు. వేళ్ళ సందు నానడం వేరు, కుళ్ళు వేరు. గిట్ట గోడ అడుగునుంచి విడిపోయి మట్టి చేరడం వేరు, లోపల చీము కట్టడం వేరు. 1997లో బ్రిటన్‌లో తొలిసారి వర్ణించిన మరో జబ్బు గిట్ట పైభాగంలో, బొచ్చు మొదలయ్యే చోట పుట్టి, గిట్టనే ఊడగొట్టేస్తుంది. ఇన్నిట్లో కత్తెర నిజంగా సాయం చేసేది ఒకటి రెండిటికే: గోడ విడిపోయి మట్టి చేరినప్పుడు ఆ వదులు ముక్క తీసేయడం, చీము గడ్డకు దారి ఇవ్వడం. రెండోది వైద్యుడి చేతి పని.

తెలుగు నేల మీద ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది పాశ్చాత్య పుస్తకాల్లో అంతగా కనబడదు. వానాకాలం వెనక, దసరా దాటాక గొర్రెలు కుంటితే ముందు గిట్ట కింద కాదు, గిట్ట పైన చూడాలి. బొచ్చు అంచున ఎర్రటి గీతలా వాపు, దానితో పాటు జ్వరం, వాచిన మూతి, ముక్కు కారడం ఉంటే అది నీలి నాలుక వ్యాధి కావచ్చు. కంటికి కనబడీ కనబడని దోమలాంటి పురుగు దాన్ని మోస్తుంది. నాలుక మీదా కాలివేళ్ళ మధ్యా పొక్కులుంటే గాలికుంటు. ఈ రెండిట్లో ఏదున్నా కత్తెర పక్కన పడేసి పశువైద్యశాలకు ఫోను చేయాలి. గాలికుంటుతో కుంటే గొర్రె కాలు పట్టుకుని గిట్ట చెక్కి, అదే కత్తెరతో పక్కదాని దగ్గరికి పోయినవాడు జబ్బును స్వయంగా పంచిపెట్టినట్టే. గిట్టల కుళ్ళు చల్లటి దేశాల జబ్బనీ, మన ఎండకు బతకదనీ అనుకునేవాళ్ళూ ఉన్నారు. దక్షిణాది వేడిలోనూ ఆ సూక్ష్మజీవి గొర్రెల కాళ్ళలో దొరికిందని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ పత్రికలో 2013లో వచ్చింది. తడి ఉంటే చాలు, దానికి దేశం పట్టదు.

ఇక కోయక తప్పని కాలు సంగతికి వద్దాం. నా గొర్రెల్లాంటివి, జబ్బేమీ లేక, నేల తప్పు వల్ల పెరిగినవి. గిట్ట గోడ మడతపడి లోపలికి ముడుచుకుంటుంది, ఆ మడతలో పెంట, రాయి చేరుతాయి. గొర్రె వేలి కొస మీద కాక మడమ మీద నిలబడుతుంది. దాన్ని సరిచేయాలి.

మొదట నేర్చుకోవాల్సింది గొర్రెను పట్టుకోవడం. అవసరానికి వసుదేవుడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడంటారు. గొర్రె కాళ్ళు పట్టుకోవడం అంతకంటే కష్టమని ఆ సామెత కట్టినవాళ్ళకు తెలియదు. ఇంగ్లండు, ఆస్ట్రేలియాల్లో ఉన్ని కత్తిరించేవాళ్ళు చేసే పద్ధతి చూడ్డానికి గారడీలా ఉంటుంది. గొర్రె ఎడమ పక్కన నిలబడి, ఎడమ చేత్తో గడ్డం కింద పట్టి తలను దాని కుడి భుజం వైపు తిప్పుతారు. కుడి చేత్తో కటి దగ్గర చర్మం పట్టి, ఒక్క అడుగు వెనక్కి వేస్తారు. గొర్రె తన బరువుకు తానే కూలబడి, పిరుదుల మీద కూర్చుని మనిషి మోకాళ్ళకు వీపు ఆనించి బొమ్మలా ఉండిపోతుంది. తుంటి మీద సరిగ్గా కూర్చోకుండా తోక ఎముక మీద కూర్చుంటే మాత్రం తన్నుతుంది. మేతకు ముందు, ఖాళీ కడుపు మీద ఈ పని చేయాలి. కడుపు నిండిన గొర్రెను ఎక్కువసేపు వెల్లకిలా ఉంచితే కడుపులో గాలి ఊపిరితిత్తులను నొక్కుతుంది. గొర్రె సుమారు 150 రోజులు మోస్తుంది. ఆ చివరి నెలన్నరలో ఉన్న దాన్ని కూర్చోబెట్టవద్దు. నడుము నొప్పి ఉన్నవాళ్ళకు గుడ్డ కుర్చీ లాంటి ఆసరాలు దొరుకుతాయి. నా మట్టుకు నేను మన పద్ధతే మంచిదనుకున్నాను. గొర్రెను గోడకు ఆనించి, ఒకరు మెడ పట్టుకుంటే, ఇంకొకరు ఎడ్లకు నాడాలు కొట్టేవాళ్ళలా కాలిని వెనక్కి మడిచి మోకాలి మీద పెట్టుకుంటారు. మన నెల్లూరు గొర్రెలు కాళ్ళు పొడుగు, దేశంలోనే ఎత్తైన జాతి. వాటికి ఈ పద్ధతి సుఖం.

కాలు చేతికొచ్చాక కత్తెర తీయవద్దు. కడగాలి. వేళ్ళ సందు తెరిచి చూడాలి. సందుకు పైన, ముందు వైపు చిన్న రంధ్రం, దాన్లోంచి మైనం లాంటి జిగురు పట్టిన రెండు వెంట్రుకలు కనబడతాయి. కొత్తవాళ్ళు దాన్ని పుండనుకుని మందు పోస్తారు. అది గొర్రెకు పుట్టుకతో ఉండే గ్రంథి, నాలుగు కాళ్ళకూ ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు. ఆ తర్వాత మీ మందలో నెల రెండు నెలల పిల్ల ఉంటే దాని కాలు ఒకసారి ఎత్తి చూడండి. అడుగు చదునుగా, రెండు గోడలూ సమంగా, చిన్న డబ్బాలా ఉంటుంది. ఆ కాలే నమూనా. ఏ పుస్తకంలోని బొమ్మా అంత బాగా చెప్పదు.

పొడి వేసవిలో గిట్ట రాయిలా ఉంటుంది. వాన పడిన మర్నాడో, గొర్రెలు తడి గడ్డిలో తిరిగాకో మెత్తబడి సులువుగా తెగుతుంది. గులాబీ మొక్కలు కత్తిరించే కత్తెర చాలు, సానరాయి మీద పదును పెట్టి ఉంచుకుంటే. మొద్దు కత్తెర కోయదు, నలుపుతుంది. మొదట లోపలికి ముడుచుకున్న గోడ మడతను అడుగు ఎత్తు దాకా తీయండి. అక్కడితో చాలా కాళ్ళకు పని అయిపోతుంది. వేలి కొసను చిన్న చిన్న ముక్కలుగా, గోరు కోసుకున్నట్టు కాకుండా కొబ్బరి కోరినట్టు తీస్తూ పోవాలి. తెల్లగా ఉన్న గిట్ట అడుగున లేత గులాబీ రంగు తొంగిచూసిందంటే ఆగండి. నల్ల గిట్టలో ఆ రంగు కనబడదు. అప్పుడు బొటనవేలితో అడుగును నొక్కి చూడాలి, కాస్త మెత్తగా తగిలితే అదే హద్దు. అడుగు తలం బొచ్చు అంచుకు సమాంతరంగా వస్తే సరిపోయినట్టు. మడమను ఎక్కువ తీస్తే గొర్రె వెనక్కి వాలి నిలబడుతుంది. చాలాకాలం పట్టించుకోని కాలిలో లోపలి పొర కూడా గిట్టతో పాటు ముందుకు పాకి ఉంటుంది. దాన్ని ఒక్క రోజులో ఆకారానికి తేవాలనుకుంటే నెత్తురే. కొంచెం తీసి, మూడు నాలుగు వారాలు ఆగి మళ్ళీ కొంచెం తీయాలి.

నెత్తురు వచ్చిందనుకోండి. దూది పెట్టి రెండు నిమిషాలు అదిమి పట్టుకోండి. పల్లెల్లో పసుపు అద్దుతారు, అద్దండి. ఆ గొర్రెను తడిలోకి పంపవద్దు. ధనుర్వాతం టీకా సంగతి వైద్యుడితో ముందే మాట్లాడి ఉండాలి. గొర్రెకూ గొర్రెకూ మధ్య కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి. కోసిన ముక్కలు ఊడ్చి కాల్చేయాలి, షెడ్డులో వదలవద్దు. నేల మీద రెండు వారాలకు మించి బతకని ఆ సూక్ష్మజీవి కోసిన గిట్ట ముక్కల్లో అంతకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. ఎక్కువగా కోసిన చోట నెత్తురు ఆగాక కూడా కథ అయిపోదు. లోపలి పొర బయటికి పొంగి రేగిపండంత ఎర్రటి కండలా పెరుగుతుంది, ముట్టుకుంటే నెత్తురు, అడుగేస్తే నొప్పి. ఎక్కువ కోతే దీనికి మొదటి కారణమని పశువైద్యులు చెబుతారు. ఒకసారి వచ్చిందంటే తేలిగ్గా పోదు.

కాళ్ళు ముంచే తొట్టి గురించి ఒక హెచ్చరిక చెప్పి ఊరుకుంటాను. మన రైతులకు బాగా తెలిసిన మైలుతుత్తం, బోర్డో మిశ్రమంలో కలిపేది, కాలి తొట్టిలో కూడా వాడతారు. అందులో ఉన్నది రాగి, గొర్రెకు రాగి విషం. మిగతా పశువుల కంటే దాని కాలేయం రాగిని ఎక్కువ దాచుకుంటుంది, తొట్టిలో ఒక గుక్క తాగినా ప్రమాదమే. వరికి వేసే జింక్ సల్ఫేట్ ఎరువుల దుకాణంలో దొరుకుతుంది. 10 లీటర్ల నీళ్ళకు ఒక కిలో కలిపితే పని జరుగుతుంది. ఫార్మాలిన్ కూడా 3 శాతం వరకు వాడతారు, కళ్ళూ ముక్కూ మండిస్తుంది, పుండు మీద నరకం చూపిస్తుంది. నేను ఇంటికి తేలేదు. ఏది వాడినా మంచి కాళ్ళున్నవాటిని ముందు నడిపించి, ఆనక గట్టి నేల మీద ఆరనివ్వాలి. బురదలోకి వదిలితే పోసిందంతా బురదకే.

ఇక్కడి గొర్రెలకు ఈ చర్చ అవసరమా అనే ప్రశ్న ఉంది. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.91 కోట్ల గొర్రెలు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు. వీటిలో చాలా భాగం నడిచే మందలే, కత్తెరతో పని లేనివే. 2017లో తెలంగాణ ప్రభుత్వం 20 గొర్రెలూ ఒక పొట్టేలూ చొప్పున పంచడం మొదలుపెట్టినప్పుడు కూడా ఎక్కువగా పోయినవి నడిపించే కుటుంబాల చేతికే. ఎత్తు షెడ్లు కట్టి తొట్లలో మేపే పద్ధతి ఇప్పుడిప్పుడే పెరుగుతోంది. అందులో లాభనష్టాల లెక్కలు చెప్పే శిక్షణలు బోలెడు. పలకల మీద గిట్ట అరగదన్న సంగతి షెడ్డు అమ్మేవాడు చెప్పడు. నా దగ్గరికి వచ్చినవాడు అన్ని సౌకర్యాలూ చెప్పాడు, ఈ ఒక్కటి తప్ప. పశ్చిమ దేశాల ప్రయోగాలు పచ్చిక మీద తిరిగే పెద్ద మందల మీద చేసినవి. వాటినుంచి ‘జబ్బు కాలిని చెక్కవద్దు’ అన్న మాటను నిశ్చింతగా తీసుకోవచ్చు. ‘ఎప్పుడూ కోయవద్దు’ అన్న మాటను నా షెడ్డు మీద నేరుగా అతికించలేం, ఎందుకంటే అక్కడి గడ్డి నేల కూడా నా పలకల కంటే కాస్త అరగదీస్తుంది.

పెద్దాయన మాట విని షెడ్డు దిగే మెట్ల నుంచి నీళ్ళ తొట్టి దాకా, తొట్టి చుట్టూ, తాండూరు బండలు గరుకు వైపు పైకి పెట్టి పరిపించాను. పొద్దునా సాయంత్రం వాటి మీద నుంచి పోతేనే నీళ్ళు. మొదటి నెలలో తేడా ఏమీ కనబడలేదు. నాలుగో నెల దాటేసరికి పదకొండిట్లో పదింటి గిట్టలు చదునుగా ఉన్నాయి. పదకొండోదానికి మాత్రం ఇప్పటికీ ప్రతి ఐదారు వారాలకూ కత్తెర తీయాల్సి వస్తోంది. ఎడమ ముందు కాలు, బయటి వేలు. నేను మొట్టమొదట పట్టుకున్న కాలు అదే. ఆ రోజు కోసినంత మేరా రేగిపండులా పొంగింది. వైద్యుడు రెండుసార్లు కాల్చినా దాని చుట్టూ గిట్ట వంకరగానే వస్తోంది. నన్ను చూడగానే అది షెడ్డు ఆ చివరకు పోతుంది, మిగతా పదీ మేత కోసం ఇటొస్తాయి.